సంపెంగ వరుసలో పసుపు దీపాలు

ఆదివారం

గాలి తూర్పు నుంచి, మెల్లగా. సముద్రం బుద్ధిగా ఉంది. పెట్టెలన్నీ ఆకుపచ్చ.

ఇది సముద్రం మీద తేలే సంపెంగ వరుస ఇళ్ళ వైఫై లాగ్. ఈ ఏడాది ఇళ్ళ పెట్టెలన్నిటినీ కలిపే మెష్ చూసుకునే వంతు నాది, అంటే వరహాలుది. దీన్ని వరుసలో ఎవరైనా తెరిచి చదవొచ్చని నాకు తెలుసు. పోయిన నెల నా పంటినొప్పి గురించి ఒక్క ముక్క రాస్తే మర్నాటికల్లా నాలుగిళ్ళ నుంచి లవంగాలు వచ్చాయి. చదువుతున్నవారికి నమస్కారం. చదవండి, నవ్వుకోండి, సలహాలు మాత్రం పంపకండి.

ఇవాళ ఒడ్డు ఆఫీసు నుంచి పెట్టెలకు కొత్త బుర్ర, అంటే కొత్త ఫర్మ్‌వేర్ వచ్చింది. ప్రతి ఇంట్లోనూ పెట్టె దానంతట అదే ఆగి, కాసేపు ఆలోచించుకుని, మళ్ళీ లేచింది. లేచాక గొంతు కూడా వచ్చింది దానికి. ఎవరి పెట్టెకు వాళ్ళు బొటనవేలు ఆనించి, అది అడిగిన నాలుగు ప్రశ్నలకు జవాబులు నొక్కితే చాలన్నారు. రాత్రయ్యేసరికి అందరూ నొక్కారు. అన్నీ పచ్చగా వెలిగాయి. ఇంత సులువుగా అయిపోయినందుకు నాకు కొంచెం నిరాశ కూడా కలిగింది, ఎందుకంటే వంతు తీసుకున్నప్పటి నుంచి నా గొప్ప చూపించుకునే అవకాశమే రాలేదు.

మధ్యాహ్నమంతా ఇంటి అడుగున పట్టిన గుల్లలు గీకాను. శుక్రవారానికి ఇల్లు మెరవాలి. శుక్రవారం నా పెళ్ళి. ఈ సంగతి తెలియనివాళ్ళు వరుసలో ఎవరూ లేరు, అయినా రాస్తుంటే బాగుంది కాబట్టి రాస్తున్నాను. శుక్రవారం నా పెళ్ళి.

మొగలి వరుస త్రిమూర్తులు గారు తన ఇంటితో సహా వచ్చి నా ఇంటి పక్కన చేరతారు. వాళ్ళది మాలాగా లంగరు వేసుకుని ఉండే వరుస కాదు, ప్రవాహంతో పాటు కదిలే వరుస. ఏడాదికి ఒక్కసారి మా ముందు నుంచి ఉత్తరానికి పోతుంది. ఆ ఒక్కరోజే ఇల్లు విడదీసి ఇటు కలపడానికి వీలు. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. అలా ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి తుఫాను, రెండోసారి ఆయనకు జ్వరం. నాకు నలభై దాటాయి. ఇంకో ఏడాది అంటే ఇక నా వల్ల కాదు, నిజంగా కాదు.

పోనీ పడవెక్కి మనిషి ఒక్కడూ వచ్చేయవచ్చు కదా అంటే, వచ్చేయవచ్చు. అలా వచ్చినవాణ్ణి మావాళ్ళు చుట్టం అంటారు, మొగుడు అనరు. రెండు ఇళ్ళనూ పక్కపక్కన కట్టి, మధ్యన బల్ల వేసి, రెండు గుమ్మాలూ తెరిస్తేనే ఇక్కడ పెళ్ళి జరిగినట్టు. పైగా ఆయన డాబా మీద నిలువెత్తు కరివేపాకు చెట్టు ఉంది. నా పెళ్ళి కోసం మా వరుస ఇంత ఆత్రంగా ఎదురుచూడడంలో ఆ చెట్టు వాటా ఎంతో నేను అడగదలుచుకోలేదు.

ఆయన ఇల్లు పట్టాలంటే నా ఇంటికీ పక్కనున్న బుల్లెమ్మత్త ఇంటికీ మధ్య చోటు తెరవాలి. దానికి వరుసలోని ముప్పై చిల్లర ఇళ్ళ తాళ్ళ చక్రాలు ఒకదాని మాట ఒకటి విని, కలిసి వదలాలి, కలిసి బిగించాలి. ఆ మాటలు ఇంటి నుంచి ఇంటికి మోసేవి ఈ వైఫై పెట్టెలే. ఒకప్పుడు చేత్తో తిప్పి చూశారు. వెంకాయమ్మ గారి వంటగది ఇప్పటికీ సముద్రం అడుగునే ఉంది.

సోమవారం

గాలి తూర్పు నుంచే. పెట్టెలు పొద్దున ఆకుపచ్చ, సాయంత్రం పసుపు.

పొద్దున అంతా బాగానే ఉంది. సాయంత్రం అందరూ వంటలు పొయ్యి మీద పెట్టి ఫోన్ల ముందు కూర్చునే వేళకు మొదలైంది. నేను త్రిమూర్తులు గారితో మాట్లాడుతున్నాను. ఆయన గోడ మీద బొమ్మలో చక్కగా నవ్వుతూ, "వరహాలు గారూ, కరివేపాకు చెట్టును నాలుగు పక్కలా తాళ్ళేసి కట్టేశానండీ, ఇంక మీరు..." అన్నారు. అంతే. నోరు సగం తెరిచి, ఒక కన్ను మూసి, అలాగే ఉండిపోయారు. నేను చేపల పులుసు పెట్టి దించేదాకా గోడ మీద అలాగే ఉన్నారు. ఆయన మొహం బాగానే ఉంటుంది. కానీ అంతసేపు ఒకే తీరున చూసేంత బాగా ఎవరి మొహమూ ఉండదు.

పెట్టె వైపు చూస్తే పసుపు దీపం. ఎరుపు అంటే చచ్చిందని, ఆకుపచ్చ అంటే నడుస్తోందని తెలుసు. పసుపు నేను ఇదివరకు చూడలేదు. పెట్టెతో వచ్చిన పుస్తకం తీస్తే 'ఆగి ఉంది' అని రాసి ఉంది. ఎందుకు ఆగిందో రాయలేదు.

ఇంతలో బల్ల మీద నుంచి బుల్లెమ్మత్త వచ్చింది. మా నాన్నకు అక్క, వరుసకంతటికీ పెద్ద. ఎవరింట ఎలా నడుచుకోవాలన్నది ఆవిడ చెప్తే ఇక తిరుగులేదు.

"ఒసే వరాలూ, మా పెట్టెకి పచ్చకామెర్లొచ్చినట్టున్నాయే. ఓసారి చూడవే!"

"నాదీ అలాగే ఉందత్తా. అన్నీ అలాగే అయ్యాయంట."

"దిష్టేనే అది. శుక్రారం పెళ్ళెట్టుకుని ఆదోరం కొత్తయ్యేయో ఎక్కించుకుంటారా ఎవరన్నా?"

వద్దంటున్నా వినకుండా ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి పెట్టెకు మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. పెట్టె పసుపుగానే ఉంది. నా కళ్ళు మాత్రం ఎర్రబడ్డాయి.

తర్వాత వరుసంతటికీ చాటింపు వేయించి, అన్ని పెట్టెలూ ఒక్కసారే ఆపించి, ఒక్కసారే వేయించాను. పచ్చగా వెలిగాయి. హమ్మయ్య అనుకున్నాను. అందరూ మళ్ళీ ఫోన్లు అందుకునేసరికి మళ్ళీ పసుపు.

మంగళవారం

సముద్రం కాస్త అలజడి. నేనూ అంతే.

ఇవాళ చేసిన పనులు: పెట్టెల పక్క నుంచి ఇత్తడి బిందెలు తీయించాను. చానల్ మార్చాను, మళ్ళీ మార్చాను, మళ్ళీ పాతదానికే వచ్చాను. రెండు తీగలు కొత్తవి వేశాను. మూలింటి లింగమూర్తి గారు పెట్టెను పట్టుపంచెలో చుట్టి దేవుడి అలమరలో పెట్టారని తెలిసి వెళ్ళి బయటకు తీశాను. "మన మాటలన్నీ మోసేదాన్ని నేల మీద పెడితే బాగోదు కదమ్మా," అన్నారాయన నొచ్చుకుంటూ. ఆయన తప్పేమీ లేదని రెండుసార్లు చెప్పి, ఆయన పెట్టిన కాఫీ తాగి వచ్చాను. ఏమీ మారలేదు.

ఒడ్డు ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒక తియ్యని గొంతు పెట్టె ఆపి వేయమంది. వేశానమ్మా అన్నాను. పెట్టె ఆపి వేయమంది. పాత ఫర్మ్‌వేర్ తిరిగి ఇవ్వండి అన్నాను. పాతదానికి వెనక్కి వెళ్ళే దారి లేదంది. అప్పుడు అర్థమైంది, అటువైపు ఉన్నది కూడా ఒక పెట్టేనని. ఇంతసేపూ అమ్మా అని పిలిచినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం పోటు వేళకు చోటు తెరిచే పని ఒకసారి ఆడించి చూద్దామనుకున్నాం. అందరూ గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. నేను నా పెట్టె మీద నొక్కాను. కబురు బయల్దేరింది. ముప్పై ఇళ్ళ చక్రాల్లో ఒక్కటి కూడా కదల్లేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పసుపు దీపాలు తప్ప ఇంకేమీ లేవు. మంగతాయారు చంకలోని పసిపిల్ల ఆ దీపాలను చూసి కేరింతలు కొట్టింది. ఆ పిల్లకొక్కదానికే బాగుంది.

ఇలాంటప్పుడు ఒడ్డువాళ్ళు 'కొంప మునిగింది' అంటారు. నీళ్ళ మీద బతికేవాళ్ళం, మా వరుసలో ఆ మాట ఎవరూ నోటితో అనరు. నేను మనసులో మాత్రం రెండుసార్లు అనుకున్నాను.

సాయంత్రం త్రిమూర్తులు గారి గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఏం కంగారు... మీరు... చూసుకుంటారు... నాకు తెల్సు." ఆయనకు నా మీద అంత నమ్మకం. వంటగదిలోకి పోయి కాసేపు ఏడ్చాను. లవంగాలు పంపకండి.

బుధవారం, మధ్యాహ్నం

దొరికింది! దొరికింది! మిగతాది వివరంగా రాస్తాను, ముందు ఒకసారి నవ్వనివ్వండి.

పెట్టెలకు నిన్నటి పసుపు ఇంకా తగ్గలేదని చూసి, పొద్దునే ఒక నిర్ణయానికి వచ్చాను. ఇంటింటికీ వెళ్ళి, పెట్టె పసుపులో ఉన్నప్పుడు అది లోపల ఏం చేస్తోందో చూడాలి. కానీ మా వరుసలో ఒక ఇంట్లోకి వెళ్ళి తినకుండా బయటపడ్డ మనిషి ఇంతవరకు లేరు. మొదటి ఇంట్లో పెసరట్టు. రెండో ఇంట్లో నాచు పకోడీ. మూడో ఇంట్లో మంగతాయారు, "ఏమీ చెయ్యలేదు వరాలక్కా, ఏమీ అనుకోకు," అంటూనే పూరీలు పెట్టింది. నాలుగో ఇంటికి వెళ్ళేసరికి నడక రాలేదు, దొర్లుకుంటూ వెళ్ళినంత పనైంది.

తిన్న ప్రతిచోటా పెట్టె లోపలి పేజీ చూశాను. అన్నింట్లో ఒకటే మాట: 'పక్కవారి కోసం ఆగి ఉన్నాను.' పక్కింటికి వెళ్తే అదీ 'పక్కవారి కోసం ఆగి ఉన్నాను.' దాని పక్కదీ అంతే. ఎవరి కోసం ఎవరు ఆగారో తెలియక తల ప్రాణం తోకకొచ్చింది.

అక్కడి నుంచి మూలింటికి పోతుంటే, రెండు ఇళ్ళ మధ్య బల్ల మీదికి అటు నుంచి లింగమూర్తి గారు ఎదురొచ్చారు. ఆ బల్ల మీద ఒక్క మనిషే పడతారు.

"రండమ్మా, తమరు రండి," అని ఆయన వెనక్కి తగ్గారు.

"అయ్యో, పెద్దవారు, మీరు రండి," అని నేను వెనక్కి తగ్గాను.

"అబ్బెబ్బే! పెళ్ళికూతుర్ని ఆపి నేనెళ్తానా? ఎంత మాట! తమరు రావాలి."

"మీరు రండి, పర్లేదండీ."

ఈలోగా ఆయన వెనక ఇద్దరు వచ్చి ఆగారు. నా వెనక నీళ్ళబిందెతో ఒకావిడ వచ్చి ఆగింది. ఆవిడకు దారిద్దామని నేను పక్కకు జరిగితే, ఆవిడ నాకు దారిచ్చి తనూ పక్కకు జరిగింది. అటువైపు ఇద్దరూ ఒకరికొకరు దారిచ్చుకున్నారు. బల్ల ఖాళీగా ఉంది. మేమందరం నవ్వుకుంటూ, చేతులు జోడించుకుంటూ, ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడ్డాం.

అప్పుడు వెలిగింది నాకు. "బాబాయ్ గారూ, ఆదివారం మీ పెట్టె అడిగిన నాలుగో ప్రశ్నేంటండీ?" అని అడిగాను.

"అదేనమ్మా, రద్దీగా ఉన్నప్పుడు ఎవరి కబురు ముందు పంపాలి అని. మాది ముందు, పక్కవారిది ముందు, లేకపోతే అంకె వేసుకోండి, చిన్న అంకె ముందు... అలా ఏవో మూడున్నాయి."

"మీరేం నొక్కారు?"

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "పక్కవారిది ముందనే నొక్కాను. ఇంకోటి ఎవరు నొక్కుతారమ్మా?"

ఎవరూ నొక్కలేదు. వరుసలో ఒక్కరంటే ఒక్కరు కూడా 'మాది ముందు' నొక్కలేదు. పరిగెత్తుకొచ్చి నా పెట్టె చూసుకున్నాను. నేనూ అంతే! నొక్కినట్టు కూడా గుర్తులేదు, చెయ్యి దానంతట అదే అటు పోయి ఉంటుంది. రద్దీ లేనప్పుడు ఎవరికీ దారి ఇవ్వనక్కర్లేదు కాబట్టి సోమవారం పొద్దున అంతా బాగుంది. సాయంత్రం మనుషులందరూ, నిన్న చక్రాలన్నీ ఒక్కసారి మాట్లాడేసరికి, ముప్పై పెట్టెలూ తప్పుకుని నిలబడి, తమరు రండంటే తమరు రండని చేతులు జోడిస్తున్నాయి. పాపం, వాటిలో ఏ లోపమూ లేదు. మా పెంపకం అలాంటిది.

బుధవారం, సాయంత్రం

మధ్యాహ్నం నవ్విన నవ్వంతా తిరిగి తీసుకుంటున్నాను.

బుల్లెమ్మత్త వాకిట్లో అందరినీ సమావేశపరిచి విషయం చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. నవ్వాక, "సరే, ఇప్పుడు ఎవరి పెట్టెలో వాళ్ళు 'మాది ముందు' నొక్కేయండి," అన్నాను. నవ్వులు ఆగిపోయాయి.

లింగమూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "అది కుదరదేమోనమ్మా. ముందు మేమే అని రాసుకున్నాక, రేపు పొద్దున్న పక్కింటాయన మొహం ఎలా చూస్తామండీ?"

"అది పెట్టె మాట బాబాయ్ గారూ! మీ మాట కాదు."

"పెట్టె మాదే కదమ్మా."

వేరేవాళ్ళ వేలితో అది తెరుచుకోదు, లేకపోతే అందరూ నిద్రపోయాక నేనే నొక్కేసేదాన్ని. రాసేశాను కదా, తిట్టుకోండి.

సరే, అంకెల పద్ధతిలో వెళ్దాం, ఒకటి నుంచి వేసుకుందాం అన్నాను. ఒకటి ఎవరు తీసుకుంటారు అనేసరికి ఆకాశం వైపు చూశారు. అందరికీ ఆఖరి అంకే కావాలట. "మాకు ఆఖరిదియ్యండి, సర్దుకుంటాం." "అదెలాగండీ, మీరాఖర్నుంటే మేం ముందా? మాకియ్యండి ఆఖరిది." ఆఖరి అంకె కోసం పట్టుపట్టి, ఇద్దరు పెద్దమనుషులు పౌరుషంగా లేచి నిలబడ్డారు. మా వరుసలో గొడవ జరగడం నేను పుట్టాక ఇదే మొదటిసారి, అదీ వెనక నిలబడడం కోసం.

"పోనీ అత్తా, వరుసకు పెద్దదానివి, ఒకటి నువ్వు తీసుకో," అన్నాను.

"నేనా? ఈ డెబ్బై ఏళ్ళలో ఏ బంతిలోనన్నా నేను ముందు కూకోగా చూశావంటే నువ్వు?"

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "మీ మర్యాదలు మీరే పెట్టుకోండి! ఎల్లుండి ఆయన నా ముందు నుంచే ఉత్తరానికి వెళ్ళిపోతుంటే, అందరూ వరుసగా నిలబడి మీరు ముందంటే మీరు ముందని చేతులూపండి!" అని అరిచి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. కాసేపటికి గుమ్మం ముందు ఏదో చప్పుడైంది. తెరిస్తే మనుషులు లేరు, మూతలు పెట్టిన గిన్నెలు ఉన్నాయి. వీళ్ళ మీద కోపం నిలబడనివ్వరు, అదీ నా బాధ.

గురువారం

గాలి దక్షిణం నుంచి. దక్షిణాన చిన్న చుక్కల్లా మొగలి వరుస కనబడుతోంది.

ఇవాళ పెళ్ళివంట భోజనాలు. నా మనసు బాగోలేదని తెలిసి అందరూ మరింత మర్యాదగా ఉన్నారు, అదింకా కష్టం. ఆకులు వేశారు. అన్నం పొగలు కక్కుతోంది. ఎప్పటిలాగే ఎవరూ కూర్చోరు. మీరు కూర్చోండంటే మీరు కూర్చోండి. నేను గోడకు చేరగిలబడి, వచ్చే ఏడాది ఈపాటికి నా వయసెంతో లెక్కపెట్టుకుంటున్నాను.

అప్పుడు మంగతాయారు కూతురు గుక్కపట్టి ఏడ్చింది. బుల్లెమ్మత్త గరిటె పట్టుకునే వెనక్కి తిరిగి కేకేసింది. "ముందా పసిదానికి పెట్టండర్రా! పిల్లల్ని కూకోబెట్టండి, సన్నపిల్లలు ముందు!"

పసిపిల్లకు నెయ్యన్నం కలిపారు. రెండేళ్ళవాళ్ళు కూర్చున్నారు, తర్వాత నాలుగేళ్ళవాళ్ళు, తర్వాత కాస్త పెద్దవాళ్ళు. ఒక్కరు కూడా మీరు ముందు అనలేదు. ఒక్కరు కూడా సిగ్గుపడలేదు. మా వరుసలో కూడా ముందు తినేవాళ్ళు ఉన్నారు, ఎప్పుడూ ఉన్నారు!

నేను ఆకుల మధ్య నిలబడి రెండు చేతులూ ఎత్తాను. "అంకెలు ఇంటి యజమానుల పేర్న వద్దు! ఇంట్లో అందరికంటే చిన్నవాళ్ళ వయసు వేయండి. సన్నపిల్లలున్న ఇల్లు ముందు!"

 లింగమూర్తి గారు, "అదీ పద్ధతంటే," అన్నారు. మంగతాయారు చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళి తన పెట్టెలో సున్నా వేసి వచ్చింది. ఇక అందరూ ఇళ్ళకు పరుగులు. అందులోనూ మర్యాద పోనిచ్చుకోలేదు. ఒకాయన, "మావాడు పెద్దోడైపోయాడండీ, ఆరు వేసుకుంటాను," అంటే, లోపల నుంచి వాళ్ళావిడ, "మొన్నేగా నాలుగెళ్ళింది, అబద్ధాలెందుకూ!" అని అరిచింది. పిల్లలు లేని ఇళ్ళవాళ్ళు తమలో చిన్నవాళ్ళ వయసే వేసుకున్నారు. బుల్లెమ్మత్త తన డెబ్బై వేసుకుని, అందరికంటే వెనకపడ్డందుకు మురిసిపోయింది.

నేనూ నా వయసు వేసుకోబోతుంటే అత్త ఆపింది. "నువ్వొద్దే. పెళ్ళికూతురు ముందుపడకూడదు. రేపటికి నీది పక్కవారిదే ముందని ఉంచు." ఆలోచించాను. వరుసంతటిలో ఒక్క పెట్టె తప్పుకుని నిలబడితే ఎవరికీ అడ్డం కాదు. సరే, ఉంచాను.

సాయంత్రం పోటుకు ఆడించి చూశాం. కబురు మంగతాయారు ఇంటి నుంచి మొదలై, పిల్లల వయసు ప్రకారం ఇల్లిల్లూ చుట్టి, ఆఖరున నా దగ్గరికి వచ్చింది. దీపాలు ఒకటొకటే పచ్చబడ్డాయి. చక్రాలు తిరిగాయి. వరుస మెల్లగా విడివడి నా ఇంటి పక్కన ఒక ఇల్లు పట్టేంత నీళ్ళు కనబడ్డాయి. ఎండలో తళతళలాడే ఖాళీ నీళ్ళు. అంత అందమైనది నేను ఇంతవరకు చూడలేదు.

శుక్రవారం

పెళ్ళిచీరతోనే రాస్తున్నాను. చేతికి గోరింటాకు ఉంది, అక్షరాల్లో తప్పులుంటే క్షమించండి.

పొద్దున మొగలి వరుస మా ముందుకు వచ్చింది. రెండు లాగుడు పడవలు త్రిమూర్తులు గారి ఇంటిని విడదీసి ఇటు తెచ్చాయి. డాబా మీద కరివేపాకు చెట్టు, దాని కింద తెల్లపంచెలో ఆయన. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆయనకా, చెట్టుకా అన్నది వదిలేద్దాం. పోటు వచ్చింది. నొక్కాను. మంగతాయారు దీపం పచ్చగా వెలిగింది, వెంటనే పక్కది, ఆ పక్కది. వరుస విడివడింది. ఆయన ఇల్లు ముక్కు ఇటు తిప్పుకుని చోటులోకి సగం వచ్చింది. అత్త వైపు తాడు పడింది, బిగిసింది. ఇక నా వైపు తాడూ, ఆయన వైపు తాడూ మిగిలాయి.

అవి కదల్లేదు.

నా పెట్టె పసుపు. ఎదురుగా, ఆయన గుమ్మంలో, ఆయన పెట్టె కూడా పసుపు. మా మెష్‌లోకి రాగానే అది కూడా కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించుకుని ఉంటుందని నాకు ఒక్కసారిగా తట్టింది.

"త్రిమూర్తులు గారూ! మీ పెట్టె ఇప్పుడేమన్నా అడిగిందా?" అని అరిచాను.

"ఆయ్! నాలుగు ప్రశ్నలడిగిందండీ! చెప్పేశానండీ!"

"నాలుగోదానికేం చెప్పారు?"

"పక్కవారిది ముందు అనేనండీ! ఇంకేం చెప్తానండీ!"

ఆయన నా కోసం, నేను ఆయన కోసం. ఒక్కరుంటే పర్వాలేదు, ఇద్దరం పక్కపక్కన చేరాం. ప్రవాహం ఆ ఇంటిని ఉత్తరానికి లాగుతోంది. లాగుడు పడవలవాళ్ళు, "ఎంతోసేపు ఆపలేమండీ! మా వరస దాటిపోతందండీ!" అని కేకలేస్తున్నారు. అత్త వైపు తాడు కిర్రుమంటోంది.

"మార్చండి! మీది ముందని నొక్కండి!"

"పెళ్ళిరోజు మీకంటే ముందు నేనాండీ? బాగోదండీ! మీరు నొక్కండి!"

ఆ మనిషి మంచితనానికి నాకు ఏడుపొచ్చింది. ఇంటి మూల నా గోడకు దూరమవుతోంది. చెట్టు ఊగుతోంది. నా వెనక గుమ్మంలో బుల్లెమ్మత్త, ఆ వెనక వరుసంతా చూస్తున్నారు. మూడేళ్ళు ఆగాను. తుఫానుకు దారిచ్చాను, జ్వరానికి దారిచ్చాను. ఇక ఎవరికీ ఇవ్వదలుచుకోలేదు.

"వరాలూ, పెళ్ళికూతురివే..." అంది అత్త.

"తెలుసత్తా," అని లోపలికి పరిగెత్తి, గోరింటాకు వేలు పెట్టెకు ఆనించి నొక్కాను. ఆ దిక్కుమాలిన పెట్టెకు గొంతొచ్చింది కదా, వరుసంతా వినబడేలా, గట్టిగా, స్పష్టంగా పలికింది: "ఇకపై ఈ ఇల్లే ముందు."

లింగమూర్తి గారు చెవులు మూసుకున్నారు.  నా దీపం పచ్చబడింది. ఆ వెంటనే ఆయనదీ పచ్చబడింది. నా చక్రం గిర్రున తిరిగి తాడు లాగింది, అటు చక్రం అందుకుంది, ఆయన ఇల్లు చోటులోకి జారి నా ఇంటిని దభీమని తాకింది. వంటగదిలో గిన్నెలన్నీ కింద పడ్డాయి. పడనివ్వండి.

బయటికి వచ్చేసరికి బుల్లెమ్మత్త నవ్వలేక గుమ్మంలో కూలబడిపోయింది. "అన్నాదిరా! మన వరసలో ఒక్కత్తన్నా అన్నాది!" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. లింగమూర్తి గారు చెవులు మూసుకున్నవారు మూసుకున్నట్టే నవ్వుతున్నారు. ఎదురు గుమ్మంలో త్రిమూర్తులు రెండు చేతులూ పైకెత్తి, "వరాలూ!" అని కేక పెట్టారు. గారు లేదు, అండీ లేదు. మూడేళ్ళలో మొదటిసారి.

బల్ల వేశారు. గుమ్మాలు తెరిచారు. తాళి కట్టారు. కరివేపాకు కోసం అప్పుడే ఇద్దరు డాబా ఎక్కారు.

భోజనాలకు పిల్లల బంతి లేచింది. పెద్దల బంతికి ఆకులు వేశారు. ఎప్పటిలాగే అందరూ చుట్టూ నిలబడి, మీరు కూర్చోండంటే మీరు కూర్చోండి అంటున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని తిన్నగా వెళ్ళి మొదటి ఆకు ముందు కూర్చున్నాను.

"అత్తా, మాకు ఆకలేస్తోంది," అన్నాను.

బుల్లెమ్మత్త పప్పు గరిటెతో వచ్చి, నా ముందు వంగి, అందరికంటే ముందు నాకే వడ్డించింది.